మన ఊళ్లో విండోస్ ఎప్పుడూ ఉచితమే

కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టంగా విండోస్ బదులు లినక్స్ వాడమని ఎవరికైనా చెప్పాల్సి వస్తే మనలో చాలామందికి ముందు నోటికొచ్చే మాట ‘ఫ్రీ’. రూపాయి కట్టక్కర్లేదు, లైసెన్సు గొడవ లేదు, ఎన్ని కంప్యూటర్లలో కావాలంటే అన్నింట్లో వేసుకోవచ్చు అంటాం. ఈ మధ్య తెనాలిలో మా పెదనాన్నతో నేనూ అదే అన్నాను. ఆయన కళ్లజోడు మీదుగా నన్నోసారి చూసి, “ఇప్పుడున్నది మాత్రం కొన్నామేంట్రా? షాపు కుర్రాడు మూడొందలు తీసుకుని వేసి పోయాడుగా,” అన్నారు.

ఆ మూడొందలు కూడా విండోస్ ఖరీదు కాదు. ఇంటికొచ్చి గంటసేపు కూర్చున్నందుకు.

విషయం ఏంటంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. పెదనాన్నది 2016లో పార్టులు కొని కట్టించిన డెస్క్‌టాప్, ఆరో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పెన్షన్ కాగితాలు, యూట్యూబులో ప్రవచనాలు, అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్, చిన్న పత్రికలకి రాసే వ్యాసాలు, ఇంతే ఆ కంప్యూటర్‌తో పని. షాపులో అడిగితే “టెన్ ఆగిపోయింది మాస్టారూ, దీనికి లెవెన్ ఎక్కదు. ఎక్స్ఛేంజ్‌లో పెడితే రెండు వేలు వచ్చిద్ది, కొత్తది ముప్పై ఐదు వేలల్లో చూద్దాం,” అన్నారట. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

ఆ తర్వాత జరిగిన దాన్నంతా చూశాక నాకొక అభిప్రాయం గట్టిపడింది. మన దగ్గర లినక్స్‌ని ఉచితం పేరు చెప్పి అంటగట్టడం దండగ మాత్రమే కాదు, లినక్స్‌కే చేటు. మనకి కొరతగా ఉన్నది ఉచిత సాఫ్ట్‌వేర్ కాదు. అది పాడైతే డబ్బు తీసుకుని బాగుచేసే మనిషి. ఉచితం, ఉచితం అని చాటి చాటి ఆ మనిషి పుట్టకుండా మనమే చూసుకున్నాం.

కొటేషన్‌లో లేని వరుస

విదేశాల్లో ఆఫీసు నడిపేవాడికి లైసెన్సు ఖర్చు అనేది ఒక అంకె. దాన్ని తగ్గించుకోవచ్చంటే చెవి ఒగ్గుతాడు. మన ఇంటి కంప్యూటర్ చరిత్ర వేరు. 2000ల్లో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొటేషన్ కాగితం పట్టుకుని షాపు షాపు తిరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్క్, క్యాబినెట్, యూపీఎస్ అన్నీ వరుసగా రాసేవాళ్లు. ఆపరేటింగ్ సిస్టం అనే వరుసే ఆ కాగితంలో ఉండేది కాదు. మౌస్ ప్యాడ్‌లాగా అదీ ఊరికే వచ్చేది.

అదే కాలంలో ఉబుంటూ వాళ్లు 2005 నుంచి 2011 దాకా అడిగినవాళ్లందరికీ సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు. పోస్టేజీ కూడా వాళ్లదే. మా హాస్టల్లో ఆ సీడీలు లేని గది లేదు. వాటిని దారానికి కట్టి కిటికీకి వేలాడదీసినవాళ్లూ ఉన్నారు. వాడినవాళ్లు కొద్దిమంది, ఆ కొద్దిమందిలోనూ సగం మంది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అవగానే మళ్లీ విండోస్‌కి పోయారు. రెండూ ఊరికే వచ్చేవే అయినప్పుడు, పక్క గదివాడు ఏది వాడితే మనమూ అదే వాడతాం. గేమ్స్ దేనిలో ఆడొచ్చో అదే వాడతాం. దీనికి ఎవర్నీ తప్పు పట్టలేను.

లైసెన్సు లేని విండోస్‌కి ఖర్చే లేదని కాదు. దానికి వాడే దొంగ కీ పనిచేయడానికి ఒక చిన్న ప్రోగ్రాం నడపాలి, దాన్ని నడపాలంటే యాంటీవైరస్ ఆపాలి, మళ్లీ బయటపడకుండా ఉండాలంటే అప్‌డేట్లు ఆపాలి. తలుపు గడియ మనమే తీసిపెట్టుకోవడం ఇది. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చింది 2017 మేలో. అది దూరే కంతని మూసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. దెబ్బతిన్న యంత్రాల్లో ఎక్కువ భాగం ఆ అప్‌డేట్ వేసుకోనివే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకీ అది సోకిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది.

ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. “నాకేం కాలేదుగా,” అన్నారు. నిజమే, తొమ్మిదేళ్లలో ఆయనకేం కాలేదు. జరగని ప్రమాదాన్ని చూపించి ఎవరినీ కదిలించలేం. ఆయన్ని కదిలించినది ఆ ముప్పై ఐదు వేలు.

యంత్రానికి ఏమైంది?

ఏమీ కాలేదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉంది, బోర్డు బాగుంది, ఫ్యాన్ దుమ్ము దులిపితే తిరుగుతుంది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అంగీకరిస్తుంది. భద్రత పెంచడానికే ఈ షరతు పెట్టామంటారు, అందులో నిజం కూడా ఉంది. కానీ ప్రవచనాలు చూసే మాస్టారి యంత్రాన్ని ఒక తేదీ వేసి చెత్తలోకి పంపడానికి ఆ కారణం సరిపోదని నా ఉద్దేశం.

ఇక్కడ ఎదుటి వాదన కూడా చెప్పాలి. ఆయనకి వేరే దార్లు లేకపోలేదు. ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, మామూలు వాడకందార్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది. ఆ షరతులని దాటవేసి పాత యంత్రాల మీద లెవెన్ ఎక్కించే పద్ధతులు కూడా ఉన్నాయి, మన షాపుల్లో చాలామందికి అవి కరతలామలకం. తెనాలి షాపువాడు ‘ఎక్కదు’ అన్నాడంటే ఎక్కించడం చేతకాక కాదేమో, కొత్తది అమ్మితే నాలుగు డబ్బులు మిగుల్తాయని కావచ్చు. ఆ మాటకొస్తే అది వాడి వ్యాపారం.

నేను పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) తీసుకెళ్లాను. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపి చూపించాను. వైఫై పట్టింది, కెమెరా పట్టింది, సౌండ్ వచ్చింది. మనవరాలికి కాల్ కలిసింది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అంటే అప్పటిదాకా ఈ గోల ఉండదు. తర్వాత ఒక ఎస్సెస్డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే డిస్క్) కొని, దాని మీద మింట్ వేశాను. కొత్త కంప్యూటర్ ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

“ఎంత స్పీడుగా ఉందో!” అని పెద్దమ్మ ఆశ్చర్యపోయింది. ఆ మెప్పులో సగానికి పైగా ఎస్సెస్డీది. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్సెస్డీ పెడితే విండోస్ కూడా లేచి పరిగెత్తేది. లినక్స్ వేయగానే కంప్యూటర్ కుర్రదైపోయిందని రాసే మన అభిమానులు చాలామంది ఈ సంగతి దాస్తారు. మింట్ వల్ల నిజంగా ఒరిగినది వేరే ఉంది. అది తనంతట తాను పని మధ్యలో రీస్టార్ట్ కాదు. స్టార్ట్ మెనూలో అడగని వార్తలు, ఆటలు కనపడవు. అప్‌డేట్ ఉందని మూలన చిన్న గుర్తు వస్తుంది, మనం నొక్కితేనే వేసుకుంటుంది. పెదనాన్నకి బాగా నచ్చింది ఇదే. “అడిగి చేస్తోంది, మర్యాదస్తురాలు,” అన్నారు.

అసలు చిక్కు అను ఫాంట్లది

మిగతావన్నీ మొదటి పూటే కుదిరాయి. ఆగిపోయింది ఆయన రాతల దగ్గర.

రిటైరయ్యాక ఒక డీటీపీ సెంటర్లో కూర్చుని పట్టుదలగా టైపింగ్ నేర్చుకున్నారు ఆయన. తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్, అందులో ఆపిల్ అనే కీబోర్డు వరస, పేజీలు కట్టడానికి అడోబీ వాళ్ల పేజ్‌మేకర్. వ్యాసాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇది ఆయనొక్కరి అలవాటు కాదు. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ డీటీపీ సెంటర్లలో శుభలేఖ నుంచి కవితా సంపుటి దాకా తెలుగు అచ్చు ఈ జోడీ మీద ఏళ్లపాటు నడిచింది, చాలాచోట్ల ఇంకా నడుస్తోంది. పేజ్‌మేకర్ మీద పని చేయడం అడోబీ 2004లోనే ఆపేసింది. విండోస్ 10 ఆగిపోయిందని జనాన్ని కంగారు పెడుతున్న ఊళ్లోనే, ఇరవై ఏళ్ల కిందట ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ మీద ప్రెస్సులు నిశ్చింతగా పని చేసుకుంటున్నాయి. మద్దతు ఆగిపోవడం అనేది ఎవరికి ఎప్పుడు భయం పుట్టిస్తుందో చెప్పలేం.

ఆ ఫైళ్లలో మన కంటికి తెలుగు కనిపిస్తుంది కానీ కంప్యూటర్‌కి అది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంటు అది. ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గీతలు. అందులో ఒక మాట కోసం వెతకలేం, ఫోన్‌లో చదవలేం, మెయిల్లో అతికించలేం. ఆ యంత్రం, ఆ విండోస్, ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్, నాలుగూ కలిసుంటేనే పెదనాన్న రాసినది ఆయన చేతికి అందుతుంది. లినక్స్‌కి మారడం కష్టం అని మనవాళ్లు అన్నప్పుడు చాలాసార్లు అసలు కష్టం ఇదే. ప్రతి భాష అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే యూనికోడ్‌కి మారకపోవడం అనే పాత బాకీ, లినక్స్ గుమ్మం దగ్గర వసూలవుతోంది.

యూనికోడ్ తెలుగుకైతే లినక్స్‌లో ఏ లోటూ లేదు. తిరుమల కృష్ణ దేశికాచారి గారు చేసి జీపీఎల్ (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే లైసెన్సు) కింద వదిలిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ అనే లినక్స్ ప్యాకేజీల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. లోహిత్ ఫాంటు ఉంది. సిలికానాంధ్ర, రాష్ట్ర ప్రభుత్వం కలిసి తెచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి ఫాంట్లు ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. లినక్స్‌లో టైపింగ్ భాష మార్చే ఐబస్‌లో తెలుగు లేఅవుట్ల (కీబోర్డు వరసల) జాబితా తెరిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతనతో పాటు ఆపిల్ కూడా కనబడింది. ఎవరో ఒక తెలుగు మనిషి, మా పెదనాన్నలాంటివాళ్లు ఉంటారని తలచుకుని ఓపిగ్గా దాన్ని అక్కడ చేర్చి ఉంటాడు. పెదనాన్న కూర్చుని రెండు పేరాలు కొట్టారు. కొన్ని వత్తుల దగ్గర వేళ్లు తడబడ్డాయి, విసుక్కున్నారు, మళ్లీ కొట్టారు.

సరే, ఎంఎస్ ఆఫీసు లాంటి లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్‌లో వ్యాసం తయారైంది. ఆయన రాసే పత్రిక వాళ్లకి పంపితే, “అనులో పంపండి మాస్టారూ, ఇది మా పేజ్‌మేకర్లో పడదు,” అని జవాబు. ఇక్కడ నా దగ్గర ఏ మంత్రమూ లేదు. ఆపరేటింగ్ సిస్టం మనం ఎంచుకోవచ్చు, ఎదుటివాడి ఫైలు రకాన్ని మనం ఎంచుకోలేం. పేజీలు కట్టడానికి స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నా, తెలుగు లాంటి లిపుల్లో వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే సామర్థ్యం అందులో స్థిరమైన వెర్షన్‌గా చేతికొచ్చింది 2024 మొదట్లో. అప్పటికే రెండు తరాల డీటీపీ ఆపరేటర్లు అనులో చేయి తిరిగిపోయారు. వాళ్లని మారమనడానికి మనకి మొహం ఉందా?

చివరికి రాజీ పడ్డాం. పాత హార్డ్ డిస్క్‌ని తీసేయలేదు. అందులో విండోస్ అలాగే ఉంది, నెట్ కలపకుండా. అను ఫైలు తెరవాల్సి వచ్చినప్పుడు పెదనాన్న దాన్నుంచి బూట్ చేసుకుంటారు. పాత వ్యాసాలు కన్వర్టర్‌తో కొన్ని కొన్ని యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. మార్చిన ప్రతి పేజీ మళ్లీ దిద్దాలి. ర వత్తులు ఎక్కడికో ఎగిరిపోతాయి. ఇది లినక్స్ విజయగాథ ఏమీ కాదు, సగం సగం కాపురం.

ఫార్మాట్ కొట్టే కుర్రాడు

మన ఊళ్లలో ఏ ఆపరేటింగ్ సిస్టం వాడాలో నిర్ణయించేది కొనేవాడు కాదు, బాగుచేసేవాడు. సౌండ్ రాకపోయినా, పాస్‌వర్డ్ మర్చిపోయినా, తెర నల్లగా అయిపోయినా ఫోన్ చేస్తే సాయంత్రానికి బండి మీద వచ్చే కుర్రాడు ఒకడుంటాడు. అతను పెన్‌డ్రైవ్ పెట్టి, ఎఫ్ 12 నొక్కి, కళ్లు మూసుకుని విండోస్ వేస్తాడు. డ్రైవర్లు, ఆఫీసు, వీఎల్సీ, అను ఫాంట్లు అన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే. ఏ సమస్యకైనా మందు ఒకటే, ఫార్మాట్. జనానికి కావాల్సింది సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) చదివే హక్కు కాదు, ఆ కుర్రాడి ఫోన్ నంబరు.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. పండక్కో పెళ్లికో తెనాలి వెళ్తాను. మధ్యలో ఏదైనా అయితే నెట్ మీద దూరం నుంచే కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్‌లో చూస్తాను, కానీ నెట్టే రాకపోతే ఎనీడెస్క్ ఎక్కడిది? అందుకే మింట్ వేసే రోజు ఆ కుర్రాణ్ని కూడా రమ్మని పిలిచాను. డిగ్రీ ఆపేసి షాపులో చేరాడు, చురుకైనవాడు. చాలాసేపు మౌనంగా చూసి, “అన్నా, ఇందులో సీ డ్రైవ్ ఏది?” అన్నాడు. హోమ్ ఫోల్డర్ చూపించాను. “డ్రైవర్లు ఏవేం వెయ్యాలి?” ఏవీ అక్కర్లేదు, అన్నీ పట్టేసింది అన్నాను. “ఫార్మాట్ కొట్టాలంటే?” సాధారణంగా కొట్టక్కర్లేదు అన్నాను. అతని మొహం అప్పుడు మారింది. “మరి మాకు గిరాకీ ఎట్టా అన్నా?”

నవ్వేసే ప్రశ్న కాదది. మన చర్చల్లో ఎప్పుడూ తగలని ప్రశ్న. ఫార్మాట్‌కి మూడొందల చొప్పున బతికే షాపు, ఫార్మాట్ అక్కర్లేని సిస్టంని ఎందుకు ప్రచారం చేయాలి?

ప్రభుత్వం పూనుకుంటే చాలనేవాళ్లు కేరళని చూపిస్తారు. చూపించదగ్గదే. అక్కడ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటారు. ఐటీ ఎట్ స్కూల్ అని మొదలై ఇప్పుడు కైట్ అని పిలిచే సంస్థ దాన్ని నడుపుతోంది. కానీ అక్కడ జరిగింది సీడీలు పంచడం కాదు. మాస్టర్ ట్రైనర్లని తయారుచేసి, వాళ్ల చేత టీచర్లకి నేర్పించి, బడికో టీచర్‌ని ఐటీ బాధ్యుడిగా పెట్టారు. పాడైతే ఎవర్ని అడగాలో ప్రతి బడికీ తెలుసు. మరోపక్క కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్ ఉంది. భారతీయ భాషల కోసం శ్రమపడి చేశారు. మా బంధువుల ఇళ్లలో గానీ, నాకు తెలిసిన షాపుల్లో గానీ దాన్ని చూసినవాళ్లు లేరు.

జర్మనీలోని మ్యూనిక్ ఉదాహరణ రెండు పక్షాల వాళ్లూ వాడుకుంటారు. ఆ నగరపాలక సంస్థ 2004లో లినక్స్‌కి మారాలని నిర్ణయించి, 2013 నాటికి పదిహేను వేలకి దగ్గరగా కంప్యూటర్లని మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే పోవాలని కౌన్సిల్ ఓటేసింది. లినక్స్ పనికిరాదనడానికి ఇదే రుజువు అని ఒకరు, రాజకీయం వల్లే అని ఇంకొకరు. చిక్కు సాఫ్ట్‌వేర్లో కన్నా ఐటీ విభాగాల తీరులో ఉందని అప్పట్లోనే వాదించినవాళ్లున్నారు, నాకు ఆ మాటే దగ్గరగా అనిపిస్తుంది. అంత డబ్బు, అంత మంది ఇంజనీర్లు ఉన్న చోటే బాగుచేసే ఏర్పాటు చెడితే మనుషులు వెనక్కి పోయారు. తెనాలిలో పోరా?

మన దగ్గర ప్రయత్నాలు జరగలేదని కాదు. స్వేచ్ఛ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు డెబియన్ ఆధారంగా తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టం తయారుచేశారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లు (లినక్స్ వాడేవాళ్ల బృందాలు) పెట్టి ఇన్‌స్టాల్ ఫెస్ట్‌లు చేశారు. వాటి వల్ల బాగుపడినవాళ్లు నాకు తెలుసు, నా స్నేహితుల్లోనే ఉన్నారు. కానీ వాళ్లంతా ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, డాలస్‌లలో ఉన్నారు. ఇన్‌స్టాల్ ఫెస్ట్‌లో నేర్చుకున్న కుర్రాడు ఉద్యోగానికి పోతాడు. ఊళ్లో మిగిలేది షాపు కుర్రాడు, అతన్ని ఆ ఫెస్ట్‌కి ఎవరూ పిలవలేదు.

ఎవరికి చెప్పను

నాకు లినక్స్ ఇష్టం కాబట్టి అందరికీ చెబుతాననుకోకండి. మా మేనత్త కొడుకుది ఎరువుల కొట్టు, లెక్కలన్నీ టాలీలో. టాలీ నడిచేది విండోస్ మీద. దాన్ని విండోస్ ప్రోగ్రాంలని లినక్స్‌లో నడిపే వైన్ మీదో ఇంకోదాని మీదో తంటాలు పడి నడిపించి, జీఎస్టీ ఆఖరు తేదీనాడు అది మొరాయిస్తే అతను నన్ను కాదు, లినక్స్‌ని తిడతాడు. అతనికి విండోస్ లైసెన్సు కొనుక్కోమనే చెప్పాను. డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్‌లు వాడే ఆడిటర్లకీ, కెమెరా పెట్టి కనిపెట్టే ఆన్‌లైన్ పరీక్షలు రాసే పిల్లలకీ ఇదే మాట. ప్రింటర్ సంగతి మరీ ఘోరం. ఈమధ్య వచ్చినవి చాలావరకు డ్రైవర్ లేకుండానే పలుకుతాయి. కానీ మా ఇంట్లో ఉన్న పేరున్న కంపెనీ పాత లేజర్ ప్రింటర్‌తో నేను పడ్డ పాట్లు తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. పక్క వీధి జిరాక్స్ షాపే నయం.

ఇంకో అతిశయోక్తి, లినక్స్‌కి వైరస్ రాదని. ఇళ్ల కంప్యూటర్ల మీదకి వచ్చే మామూలు వైరస్‌ల బెడద బాగా తక్కువ, అది నిజం. కానీ సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి దొంగలు దూరలేరు అనడం 2024 మార్చి తర్వాత కష్టం. చాలా లినక్స్‌లు వాడుకునే ఎక్స్‌జెడ్ అనే చిన్న కోడ్ లైబ్రరీని ఒక్కరే ఓపిక చేసుకుని నడుపుతుంటే, సాయం చేస్తానని వచ్చిన అజ్ఞాత వ్యక్తి రెండేళ్లకి పైగా నమ్మకం సంపాదించి దొడ్డిదారి పెట్టాడు. లాగిన్ అయ్యేటప్పుడు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ వల్ల అది బయటపడింది. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. కోడ్ తెరిచి ఉండబట్టే ఆయన తవ్వగలిగారు, అదీ నిజమే. చూసే హక్కు అందరికీ ఉన్నా చూసేవాడు ఒక్కడే ఉన్నాడు, అదీ నిజమే. ఆ ఒక్కడికీ జీతం ఇస్తున్నది ఎవరు అన్న ప్రశ్న మళ్లీ మన దగ్గరికే వస్తుంది.

పైగా మన పెద్దవాళ్ల డబ్బు ఇప్పుడు పోతున్నది కంప్యూటర్ వైరస్‌ల వల్ల కాదు. కరెంటు బిల్లు కట్టలేదని మెసేజ్ పంపి ఏదో యాప్ వేయించేవాళ్ల వల్ల, వీడియో కాల్లో పోలీసు డ్రెస్సు వేసుకుని బెదిరించేవాళ్ల వల్ల. ఆ ఫోన్ వచ్చినప్పుడు బల్ల మీద మింట్ ఉందా విండోస్ ఉందా అన్నది లెక్కలోకి రాదు.

డబ్బు తీసుకోండి

ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ టేపుని 150 డాలర్లకి అమ్మేవారు. కోడ్ ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, టేపు మీద రాసి పోస్టు చేసినందుకు ఆ డబ్బు. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ తన కోడ్‌ని బయటపెడుతూనే, మద్దతుకి డబ్బు తీసుకుని పెరిగింది. 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకి కొంది. పై అంతస్తుల్లో ఎవరూ పని ఊరికే చేయలేదు. ఊరికే చేయమనేది కింది అంతస్తులో ఉన్న నాలాంటి మేనల్లుళ్లని, తమ్ముడి కొడుకుల్ని మాత్రమే. మేం సెలవులకి వెళ్లి వేసి వస్తాం, అది పాడయ్యేనాటికి మేం ఊళ్లో ఉండం, షాపు కుర్రాడు వచ్చి “ఇదేదో పిచ్చి సిస్టం మాస్టారూ” అని ఫార్మాట్ కొట్టి విండోస్ వేసి వెళ్తాడు. ఇలా పోయిన లినక్స్‌లు నేను చాలా చూశాను. కుర్రాడిది ఏ తప్పూ లేదు. తనకి రాని పనికి, తనకి రూపాయి రాని పనికి ఎందుకు పూచీ పడతాడు?

అందుకే గ్లగ్‌లలో ఉన్న మిత్రులకి నా విన్నపం. ఈసారి ఇన్‌స్టాల్ ఫెస్ట్ కాలేజీలో కాకుండా పార్క్ లేన్‌లో పెట్టండి. తెనాలి, ఖమ్మం, కర్నూలు లాంటి ఊళ్లలో షాపులు మూసే ఆదివారం మధ్యాహ్నం పెట్టండి. జీపీఎల్ గురించి ఉపన్యాసం తర్వాత, ముందు ఎస్సెస్డీ మార్చి మింట్ వేయడం, పాత ఫైళ్లు ఎత్తి ఇవ్వడం, తెలుగు కీబోర్డు పెట్టడం, ఏ ప్రింటర్ పలుకుతుందో ఏది పలకదో చెప్పడం నేర్పండి. ఎంత రేటు చెప్పాలో కూడా అక్కడే మాట్లాడండి. విండోస్ 10 ఆగిపోయినందువల్ల మూలన పడబోయే యంత్రాలు ప్రతి వీధిలో ఉన్నాయి. కొత్తది అమ్మితే ఒకసారి వచ్చే లాభం కన్నా, ఇవి నిలబెట్టి ఏటా చూసుకుంటే వచ్చేది ఎక్కువని నేను లెక్క కట్టి చెప్పలేను, షాపువాడు కట్టుకోగలడు. కట్టుకునే అవకాశమైనా ఇద్దాం.

మొన్న ఆ తెనాలి కుర్రాడు ఫోన్ చేశాడు. ట్యూషన్ సెంటర్ ఒకదాంట్లో పాత సిస్టంలు పడి ఉన్నాయట, పిల్లలకి టైపింగ్, పైథాన్ నేర్పడానికి కావాలట. మింట్ వేస్తే సిస్టంకి ఎంత అడగాలన్నాడు. ఎనిమిది వందలు అడగమన్నాను. “ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి అంతిస్తారా అన్నా?” అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఊసెత్తకు, నువ్వు చేసే పనికి రేటు చెప్పు అన్నాను. ఆరొందలకి కుదిరింది. వాళ్ల ప్రింటర్ మాత్రం ఇంకా పలకలేదు, దాని కోసం ఆదివారం ఇద్దరం ఎనీడెస్క్‌లో కూర్చుంటున్నాం.